దివిసీమలో ఒక సంవత్సరము

కృష్ణవేణి సహ్యాద్రిలో పుట్టి, మహారాష్ట్ర కర్ణాటక భూములను, తెలుగు నేలను తడుపుచు ప్రవహించి, సముద్రమును చేరబోవు తరుణమున పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలును. ఆ రెండు పాయలకును బంగాళాఖాతమునకును నడుమ నున్న పల్లపు నేలయే దివిసీమ. నది యుగయుగములుగా మోసికొని వచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల యగుటచే అచ్చట వరి విరగబండును. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఆ సీమలోని ముఖ్యమైన ఊళ్లు. ఎటు చూచినను తాటిచెట్ల వరుసలు, కాలువ గట్లు, పచ్చని చేలు, సముద్రపుటొడ్డున జాలరిపల్లెలు కానవచ్చును. నేల సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తున మాత్రమే యుండును. అందుచే ఆ సీమకు అన్నము పెట్టు నీరే ఒక్కొక్కప్పుడు దానికి ముప్పును తెచ్చుచుండును.

1977వ సంవత్సరము జూన్ నెలలో నేను ఆ సీమలోని యొక ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడుగా చేరితిని. అప్పటికి నాకు ఇరువదినాలుగేండ్లు. మాది పల్నాటిలోని మెట్ట గ్రామము. వానచినుకు కొరకు ఆకాశమువైపు చూచుటయే గాని, నీరెక్కువై భయపడుట మా ఊరివారెరుగరు. సముద్రమును నేను మొట్టమొదట చూచినది ఆ సంవత్సరమే.

మా పాఠశాల పెద్దది కాదు. పెంకుటిల్లు వంటి పొడవైన కట్టడము. దాని ముందు ఒక చింతచెట్టు. చెట్టుకొమ్మకు గంటగా వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క. ప్రధానోపాధ్యాయులు మితభాషి. తెలుగు పండితులు దానికి విరుద్ధముగా ఎల్లప్పుడు ఏదో యొక సామెత చెప్పి నవ్వించుచుండువారు. వ్యాయామోపాధ్యాయుడు నావలెనే యువకుడు. వీరందరికంటె పిల్లలకు ఎక్కువ పరిచితుడు బంట్రోతు. గంట కొట్టుట, కుండలలో మంచినీరు నింపుట, వానకు తడిసి వచ్చిన చిన్నపిల్లల తలలు తుడుచుట అతని పనులు. అతని కూతురు నా ఆరవ తరగతిలోనే చదువుచుండెను.

అది పింగళనామ సంవత్సరము, కార్తీకమాసము, శుక్లపక్షము. సార్వా పంట కోతకు వచ్చి యుండెను. రేడియోలో తుపాను హెచ్చరిక వినబడెను. అయితే ఆ సీమవారికి తుపానులు క్రొత్తవి కావు. గాలి వీచును, వాన కురియును, నాలుగు చెట్లు కూలును. మరునాడు తెరపి యిచ్చును. ఈసారి వచ్చునది వానతో పోవునది కాదని వారికి తెలియదు. తెలిసినను పరుగెత్తి ఎక్కుటకు ఎత్తైన చోటు లేదు.

నవంబరు 19వ తేది, శనివారము. ఉదయమునుండియు గాలి పెరుగుచు వచ్చెను. సాయంకాలమునకు సముద్రము నేలపైకి వచ్చెను. దీనినే ఉప్పెన యందురు. తుపానుగాలి సముద్రజలమును తీరమువైపు త్రోయును. తీరమువద్ద సముద్రము లోతు తక్కువైనప్పుడు ఆ జలము పోవుటకు చోటులేక గోడవలె లేచి భూమిమీదికి దొర్లును. నాడు లేచిన నీటిగోడ దాదాపు అయిదు మీటర్ల ఎత్తుండెనని తరువాత లెక్కగట్టిరి. ఇండ్లు, పశువులు, మనుష్యులు ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి. తాటిచెట్లను కౌగిలించుకొన్నవారు, పాఠశాలలవంటి గట్టి కట్టడముల పైకప్పులనెక్కినవారు కొందరు బ్రదికిరి. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే చనిపోయినవారు పదివేలకు పైబడిరి. మా ఊరు తీరమునకు కొంత దూరమున నుండుటచే పూర్తిగా తుడిచిపెట్టుకొని పోలేదు. అయినను అచ్చట శోకము లేని యిల్లు మిగులలేదు.

ఆ రాత్రినిగూర్చి ఇంతకుమించి వ్రాయను. నేను చెప్పదలచినది దాని తరువాత గడచిన సంవత్సరమునుగూర్చి.

మొదటి దినములలో మాకు పాఠశాల యనునది లేదు. ఉపాధ్యాయులమందరము ఊరివారితో గూడి చేతికి దొరకిన పలుగు పారలతో పనిలోనికి దిగితిమి. మృతులను సాగనంపుట మొదటి పని. నిన్నటివరకు ఒకరి బావి నీరు మరొకరు త్రాగని ఊరిలో, ఆ దినములలో ఎవరి శరీరమును ఎవరు మోసిరో అడిగినవారు లేరు. బ్రదికినవారికి మంచినీరిచ్చుట రెండవ పని. చెరువులు, బావులు అన్నియు ఉప్పుమయమైనవి. అన్నము మూడవ పని. ఎక్కడివారో ఎవరివారో బండ్లమీదను లారీలమీదను బియ్యము, పులిహోర పొట్లములు, పాతబట్టలు తెచ్చి యిచ్చిపోవుచుండిరి. ఆ ప్రాంతపువారే యైన మంత్రి మండలి వెంకట కృష్ణారావుగారు బాధితుల మధ్య తిరిగి సహాయకార్యములు నడిపించిరి. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలగు సినిమా నటులు జోలెపట్టి ఊరూర విరాళములు పోగుచేసిరి. రామకృష్ణ మిషను మొదలగు సేవాసంస్థలు తరువాతి నెలలలో గట్టి యిండ్లు కట్టించి యిచ్చినవి. దేశము మమ్ము మరువలేదని ఆ పొట్లములు, ఆ యిటుకలు చెప్పినవి.

రెండు వారములు గడచిన పిదప మా అమ్మ వ్రాయించిన ఉత్తరము నాకు చేరెను. అందులో ఎక్కువ మాటలు లేవు. "నాయనా, బతికుంటే బలుసాకు తినొచ్చు. ఆ ఉద్యోగం మాకొద్దు. వచ్చేయ్." ఆమె భయము న్యాయమైనదే. నేనొక్కడనే కొడుకును. ఆ రాత్రి లాంతరు వెలుగున బదిలీ కోరుచు ఒక దరఖాస్తు వ్రాసి, మడచి, చొక్కా జేబులో పెట్టుకొంటిని. మరునాడు దానిని ప్రధానోపాధ్యాయుల కందజేయవలెనని నా తలంపు.

ఆ మరునాడే వారు మమ్మందరిని పిలిచి, "సోమవారం బడి తెరుద్దాం" అని చెప్పిరి.

మాకు ఆశ్చర్యము కలిగెను. పెంకులు సగము లేవు. బల్లలు బురదలో కూరుకొనిపోయినవి. పుస్తకములు ఉబ్బి ముద్దలైనవి. "పిల్లలు వస్తారా సార్?" అని వ్యాయామోపాధ్యాయుడడిగెను. ప్రధానోపాధ్యాయులు వెంటనే బదులు చెప్పలేదు. అప్పుడు వాకిట నిలుచున్న బంట్రోతు నెమ్మదిగా ననెను: "వస్తారు బాబూ. గంట వినపడకపోతే బడి లేదనుకుంటారు. వినపడితే వస్తారు."

అతని భార్యయు కూతురును ఉప్పెనలో పోయి రెండు వారములైనది. రైలుపట్టా ముక్క చింతకొమ్మతో సహా విరిగి ఎక్కడనో పడియుండెను. అతడు రెండు దినములు కాలువ గట్టు వెంబడి వెదకి, బురద నుండి దానిని త్రవ్వి తీసి, భుజముపై మోసికొని వచ్చెను. చెట్టుకు మిగిలియున్న మరియొక కొమ్మకు కొబ్బరితాడుతో వ్రేలాడగట్టెను.

సోమవారము గంట మ్రోగెను. పిల్లలు వచ్చిరి. కొందరు తమ్ముళ్లను చంకనెత్తుకొని వచ్చిరి. కొందరికి ఒంటిమీద తమవి కాని చొక్కాలుండెను. హాజరుపట్టీలు ప్రధానోపాధ్యాయుల ఇనుపపెట్టెలో నుండుటచే తడిసినను చిరగలేదు. ఆరవ తరగతి పట్టీని నా చేతికిచ్చుచు వారిట్లనిరి: "ఈ ఒక్కరోజు అందరి పేర్లూ పిలవండి. ఒక్క పేరు కూడా దాటెయ్యవద్దు. వాళ్లంతా మన పిల్లలే గదా. రేపటినుండి ఉన్నవాళ్లకు పాఠం చెబుదాం."

నేను పిలిచితిని. కొందరు "ప్రెజెంట్ సార్" అనిరి. కొన్ని పేర్లకు జవాబు రాలేదు. రానిచోట ప్రక్కన కూర్చుండువారు "లేడండీ" అనియో "మేనమామ ఊరెళ్లిందండీ" అనియో చెప్పుచుండిరి. బంట్రోతు సుద్దముక్కల డబ్బా పట్టుకొని గుమ్మమువద్ద నిలుచుండెను. అతని కూతురి పేరు వచ్చినది. నా కంఠము పెగలలేదు. అయినను పిలిచితిని. తరగతిలో ఎవ్వరును పలుకలేదు. కొంతసేపటికి "లేదు బాబూ" అని అతడే చెప్పెను. డబ్బా నా బల్లపై నుంచి, బయటికి పోయి మొదటి పీరియడు గంట కొట్టెను.

ఆ దినము నా జేబులోని కాగితము జేబులోనే యుండిపోయెను. తరువాత దానిని చించివేసితిని. అమ్మకు మాత్రము ఉత్తరము వ్రాసితిని: "అమ్మా, ఇక్కడ నాకంటె ఎక్కువ పోగొట్టుకొన్నవారు పని మానలేదు. నేను ఏమియు పోగొట్టుకొనలేదు. వేసవి సెలవులకు వచ్చెదను."

అటుపిమ్మట నేను నా తోటివారిని మునుపటివలె గాక క్రొత్తకన్నులతో చూడసాగితిని.

తెలుగు పండితులు ప్రతి సాయంకాలము పాఠశాల అరుగుపై లాంతరు పెట్టుకొని కూర్చుండువారు. నష్టపరిహారమునకు దరఖాస్తులు, దూరపు బంధువులకు ఉత్తరములు, పోయిన భూమి కాగితములకు నకళ్ల కొరకు అర్జీలు – వచ్చినవారికెల్ల ఓపికతో వ్రాసి యిచ్చుచుండిరి. ఒకనాడు ఒక జాలరి వనిత వచ్చినది. భర్త పోయెను, ఇద్దరు పిల్లలు మిగిలిరి. నాలుగు దినములలో సహాయధనము పంచనున్నారు. ఆమె వ్రేలిముద్ర వేయుటకు బొటనవ్రేలు చాచినది. పండితులు సిరాబుడ్డి ప్రక్కకు జరిపి, "నాలుగు రోజులుంది గదమ్మా, నీ పేరు నేర్చుకోరాదూ?" అనిరి. ఆమె కొంచెమాలోచించి, "మా ఆయనకి సంతకం వచ్చు మాస్టారూ. ఇప్పుడు ఇంట్లో ఒకరికైనా రావాలిగా" అన్నది. నాలుగు సాయంకాలములు ఆమె పలకపై తన పేరు దిద్దినది. అయిదవనాడు అధికారుల ఎదుట మూడక్షరములు వంకరటింకరగా వ్రాసి ధనము తీసికొన్నది. ఆ సంవత్సరాంతమునకు అరుగుపై పలకలు పట్టిన స్త్రీలు పదిమందికి పైగా నైరి. పండితులు మాత్రము దానిని గొప్పగా చెప్పుకొనలేదు. "చెయ్యి ఊరికే ఉంటే మనస్సు ఊరుకోదు నాయనా" అని నాతో ననిరి.

నేను బోధించు శాస్త్రమును అక్కరకు వచ్చెను. నూతులు తోడించి బ్లీచింగు పొడి చల్లిరి గాని, ఏ నూతి నీరు మరల త్రాగుటకు పనికివచ్చునో తెలియక జనులు సందేహించుచుండిరి. ఒక్కొక్క వీధినుండి ఒక్కొక్క చెంబెడు నీరు తెమ్మని ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పితిని. సమానమైన కొలతతో నీటిని మూకుళ్లలో పోసి ఆవిరియగువరకు కాచితిమి. ఏ మూకుడులో అడుగున తెల్లని ఉప్పు మందముగా మిగిలెనో ఆ నూతిని మరల తోడవలెనని వ్రాసికొంటిమి. క్రిములున్నవో లేవో ఆ పరీక్ష చెప్పదు. అందుకొరకు నీటిని మరగించి త్రాగవలెనని పిల్లలే ఇంటింట చెప్పి వచ్చిరి. నెలకొకసారి పరీక్షించుచు, ఉప్పు తగ్గుచున్న నూతుల పేర్లను గోడపై సుద్దతో వ్రాయుచుంటిమి. ఆ పట్టికను చూచుటకు పెద్దలు కూడ వచ్చుచుండిరి. ఆవిరి, ద్రావణము అను పాఠమును నేను తరువాత ఎన్నియో యేండ్లు చెప్పితిని గాని, అంత శ్రద్ధగా విన్న తరగతిని మరల చూడలేదు.

పదవ తరగతి పిల్లలకు మార్చి నెలలో పరీక్షలు. పుస్తకములు లేవు. ఈ సంగతి తెలిసి, ఉప్పెన సోకని ఎగువ గ్రామముల విద్యార్థులు తమ పాఠములను చేతితో ఎత్తివ్రాసి నోటుపుస్తకములు పంపిరి. వాని అట్టలపై పంపినవారి పేరు గాని, ఊరు గాని లేదు. ఒక పుస్తకపు చివరి పుటలో మాత్రము, "లెక్కలు మూడుసార్లు సరిచూశాను. ధైర్యంగా రాయండి" అని యుండెను. ఆ వాక్యము మా పదవ తరగతి కంతయు నోటికి వచ్చెను. రాత్రులు వ్యాయామోపాధ్యాయుడు తోడుండగా వారు పాఠశాలలోనే చదువుకొని అక్కడనే నిద్రించుచుండిరి. గాలి వీచిన రాత్రి చిన్నవారు ఉలికిపడి లేచుట గలదు. అప్పుడతడు వారినందరిని లేపి కూర్చుండబెట్టి, గాలి తగ్గువరకు ఎక్కములు చెప్పించెడివాడు. పరీక్షలకు కూర్చుండినవారిలో చాలమంది కృతార్థులైరి.

జాలరులకు పడవలును వలలును పోయినవి. మిగిలిన పడవలు కొన్ని. బ్రదికిన కుటుంబములు చాల. వారు ఒకచోట కూర్చుండి వంతులు వేసికొనిరి. పడవ గలవాడు, లేనివాడు అను భేదము లేక, దొరకిన చేపలను వంతుల ప్రకారము పంచుకొనిరి. మగదిక్కులేని యిండ్లకును ఒక వంతు తీసియుంచిరి. దీనికి కాగితము వ్రాయలేదు, సాక్షులు లేరు. మాటయే కట్టుబాటు.

రైతుల కష్టము వేరు విధమైనది. ఉప్పునీరు నిలిచిన చేలలో వేసవికి తెల్లని పొర పేరుకొనెను. ఆ నేల మరల పండునా యని పెద్దలును నిట్టూర్చిరి. ఉప్పును పోగొట్టుటకు ఒకటే త్రోవ. మడికి గట్టుపోసి, కాలువనీరు నిండపెట్టి, దున్ని, ఉప్పు కరగిన పిదప ఆ నీటిని మురుగుకాలువలోనికి వదలవలెను. ఇట్లు పలుమారులు చేయవలెను. కాని ఎగువవాడు వదలిన ఉప్పునీరు దిగువవాని చేలోనికే పోవును గదా! ఆ మాటపై మొదట కొంత వాదము జరిగెను. తుదకు ఎవరి పొలము దున్నుటకు ముందైనను అందరికిని పనికివచ్చు మురుగుకాలువను కలసి త్రవ్వవలెనని తీర్మానించుకొనిరి. పూడిపోయిన కాలువను ఊరంతయు దిగి త్రవ్వెను. సెలవుదినములలో మేమును పెద్దపిల్లలును తట్టలు మోసితిమి. పశువులు చాలవరకు చచ్చిపోవుటచే జోడెద్దులున్న రైతులు అరుదైరి. ఒకరి ఎద్దును మరొకరి ఎద్దుతో కాడికి కట్టి, ఇంకొకరి నాగలితో ముగ్గురి పొలములును వరుసగా దున్నుకొనిరి. కొందరు జీలుగ చల్లి, ఎదిగిన పిదప నేలలో కలియదున్నిరి. అది చవుడునకు విరుగుడును, నేలకు ఎరువును అగును.

1978వ సంవత్సరపు వానకాలమున కొన్ని మళ్లలో నాట్లు పడినవి. పంట మునుపటివలె రాలేదు. కొన్ని పొలములు పూర్తిగా తేరుకొనుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. కాని ఆ కార్తీకమాసమున, ఏ చేలలో కిందటి యేడు శవములను వెదకితిమో ఆ చేలలోనే పలుచగా వెన్నులు వంగినవి. మొదటి కుప్ప నూర్చిన రైతు ఒక గంపెడు వడ్లు తెచ్చి మా పాఠశాల అరుగుపై పెట్టి, "పిల్లలు తట్టలు మోశారు. వాళ్లకో పూట అన్నం వండించండి" అని చెప్పి వెడలిపోయెను.

విద్యార్థులారా! ఉత్సాహము, ప్రేరణ అను మాటలను మీరు పెద్దల ఉపన్యాసములలో తరచు విందురు. మహాపురుషుల చరిత్రలు చదివిన మనకు ఉత్సాహము కలుగుట నిజమే. కాని కష్టకాలమున మనలను నిలువబెట్టునది, దూరముననున్న మహాపురుషునికంటె, ప్రక్కన నిలిచి తన పని తాను చేయుచున్న సామాన్యుడే. మా బంట్రోతు నాకు ఏ నీతియు బోధింపలేదు. అతడు గంట కొట్టెను. పండితులు ధైర్యము చెప్పలేదు. పలకపై అక్షరము దిద్దించిరి. నోటుపుస్తకము పంపిన విద్యార్థి ఎవరో మాకిప్పటికిని తెలియదు. వీరిలో నొక్కరును తాము ఇతరులకు ప్రేరణ యిచ్చుచున్నామని తలపలేదు. ఒకరు చేయుచున్న పనిని చూచి మరొకరు తమ పనిని పట్టుకొనిరి. ఊరు లేచి నిలుచుట యనగా నింతే.

ఇంకొక మాట. దుఃఖమును సహించుట మాత్రమే చాలదు, దానినుండి నేర్చుకొనవలెను. 1977 తరువాత తీరము పొడవున తుపాను ఆశ్రయములను కట్టించిరి. రాడార్లు, ఉపగ్రహములు తుపాను రాకను ముందుగా పసిగట్టసాగినవి. 1990వ సంవత్సరము మే నెలలో మరియొక భయంకరమైన తుపాను కృష్ణానది ముఖద్వారము వద్దనే తీరమును దాటెను. ఈసారి హెచ్చరికలు ముందుగా చేరినవి. లక్షలాది జనులను ఎత్తైన చోటులకు తరలించిరి. చనిపోయినవారి సంఖ్య వెయ్యికి లోపుననే యుండెను. అదియు తక్కువ దుఃఖము కాదు. అయినను పదివేలకును దానికిని గల వ్యత్యాసమును మీరు గమనింపుడు. ఆ వ్యత్యాసములో ఎన్నియో తరగతి గదుల పిల్లలు కలరు. పేరు పిలిచినప్పుడు వారందరు "ప్రెజెంట్ సార్" అని పలికిరి.